మడతలో రెండంగుళాలు

గూలు బస్టాండు వెనక మా నాన్నది కుట్టుమిషను.
బడి నిక్కర్లు కుట్టేవాడు.
విప్పితే రెండంగుళాలు దిగేట్టు
ప్రతి అంచులోనూ బట్ట దాచేవాడు.
"పిల్లలు కదే లామ్వాకా,
కొలిచిన రోజున్నంతే ఉండిపోతారా?"

ఆయన టేపే ఇప్పుడు నా మెడలో.
దాతలిచ్చిన రంగుల టేపుని పోయినేడు ఎలకలు కొట్టేస్తే
గోడమీది చార్టు చూసి
నాన్న టేపు మీద నేనే దారంతో గళ్లు కుట్టాను:
గులాబీ, ఎరుపు, ఊదా, పసుపు,
తెలుపు, నీలం, నారింజ, ఆకుపచ్చ.
నెత్తురోడే పిల్లాణ్ణి త్రాసెక్కించలేం.
పక్కన టేపు పరిస్తే
మడమ ఏ గడిలో ఆగితే అదే వాడి బరువు.
బరువుని బట్టే మందు, గొట్టం లావు, సెలైను.
పొడుగు చూసి నాన్న బట్ట చెప్పేవాడు,
నేను నెత్తురు చెబుతాను.

నిన్న సాయంత్రం కంపాలా రోడ్డు మీద
ఇసుక లారీ.
బోడా బండతను ఒక చేత్తో హ్యాండిలు,
ఒక చేత్తో పిల్లాణ్ణి అదుముకుని వచ్చాడు.
"గుద్దింది నేను కాదు సిస్టర్, నేను కాదు."
అతన్నెవరూ అడగలేదు.
పోలీసు మాత్రం బండి తాళంచెవి తీసుకున్నాడు.

ఒక కాలికి బూటుంది, రెండోదానికి లేదు.
ఉత్త మడమకే కొలవాలి.
"నీలం!" అని అరిచాను.
"నీలం," అన్నాడు డాక్టర్ ఒనెకలిత్, సూదిలోకి మందు తీస్తూ.
పేరు తెలియక రిజిస్టరులోనూ అదే రాశాం:
నీలం, మగ, ఏడేళ్లుండొచ్చు.

కడుపు చెక్కలా బిగిసింది.
నాడి సన్నటి పోగు,
వేలు గట్టిగా వేస్తే తెగేట్టు.
కరెంటు పోయింది. జెనరేటరు దగ్గి దగ్గి లేచేలోపు
ఫోను వెలుగులో నరం వెతికాను.
దొరకలేదు.
మళ్లీ. దొరకలేదు.
ఇక మోకాలి కింద ఎముకలోకే గుచ్చాను.
కాన్వాసు సంచీలో దబ్బనం దిగినట్టు
టక్కుమంది.
ఆ చప్పుడు నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు.

ఫ్రిజ్జులో వాడికి సరిపడే రక్తం ఒక్కటే సంచి.
రెండోది బయట బెంచీ మీద కూర్చునుంది,
హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని,
పరీక్ష కాగితం ఎప్పుడొస్తుందా అని తలుపువైపు చూస్తూ.

పసుపు గడిలో ఒక మరకుంది.
ఉప్పునీళ్లలో నానేశాను, బూడిదతో రుద్దాను.
దారం విప్పి కొత్తది కుట్టొచ్చు.
కుట్టలేదు.
ఆ సంగతి చెప్పను.

అర్ధరాత్రి దాటాక తల్లి వచ్చింది,
నువ్వుల తట్ట ఇంకా నెత్తిమీదే.
దించాలని తోచలేదు ఆమెకి. నేనే దించాను.
ఆపరేషను గదిలోంచి మంచం బయటికొచ్చింది.
"ఒకోత్," అంది.
వానలో పుట్టిన పిల్లాడికి మావాళ్లు పెట్టే పేరు.
గట్టిగా కూడా అనలేదు.
దుప్పటి అంచున వేళ్లు రెండు కదిలాయి,
లేదా నాకలా అనిపించింది.
రిజిస్టరులో నీలం కొట్టేసి ఒకోత్ రాశాను.
గీత కింద నీలం కనిపిస్తూనే ఉంది.

తెల్లారి వాడడిగిన మొదటి మాట: "నా బూటేది?"
అమ్మ కొడుతుందని భయం.
తాళంచెవి లేని బోడా అతను
మోచేతి మడతలో దూది అలాగే ఉండగా
ఆ రోడ్డంతా నడిచి వెతికి తెచ్చాడు.
ఇసుక దులిపాను.
ఇసుకతో పాటు ముందుభాగంలోంచి
ఉండచుట్టిన నోటుబుక్కు కాగితం ఊడిపడింది.
రెండేళ్లు రావాలని
పెద్ద సైజు కొన్నదట తల్లి.

ఆ కాగితం మళ్లీ లోపలికి కుక్కి
మంచం కింద పెట్టాను, జతగా.

టేపు ఉతికి తీగమీద వేశాను.
నీలం పక్కనే నారింజ.
మధ్యలో ఒక్క కుట్టు.

గేటు దగ్గర ఏదో హారన్ ఆపకుండా మోగుతోంది.
టేపింకా ఆరలేదు.
తడిదే మెడలో వేసుకున్నాను.